గోడమీది గుఱ్ఱపు నడక

చదరంగము ఆడుటకు ఇద్దరు చాలుదురు. దానిని చూచి నేర్చుకొనుటకు తరగతి యంతయు కూడవచ్చును. చదరంగపు పలకను బల్లమీదనుండి లేపి గోడకు తగిలించినచో అది ఆటవస్తువే కాక పాఠవస్తువు కూడ నగును. అట్టి గోడపటము నొకదానిని చేయు విధమును ఈ పాఠమున వివరించుచున్నాము. నలుగురైదుగురు విద్యార్థులు కలిసి సెలవుదినములలో రెండు మూడు పూటలలో దీనిని ముగింపవచ్చును. ఖర్చు స్వల్పము. ఇందు గణితము కలదు, చరిత్ర కలదు. అన్నింటికంటె ముఖ్యముగా తెలుగు అక్షరములు కలవు.

అక్షరములు ముఖ్యమని యేల అంటిమో ముందుగా చెప్పుదుము. మన బాగలూరు హోసూరునుండి మాలూరునకు పోవు త్రోవలో, కన్నడసీమ సరిహద్దునకు చేరువగా నున్నది. ఇచ్చట తెలుగింటి బిడ్డ ఇంట తెలుగును, వెలుపల తమిళ కన్నడములను వినుచు పెరుగును. 2006వ సంవత్సరపు తమిళ అభ్యసన చట్టము ననుసరించి, 2006-07 మొదలు ఒకటవ తరగతినుండి క్రమముగా తమిళము తప్పనిసరి పాఠ్యభాష యైనది. పలు భాషలు వచ్చుట బిడ్డకు భాగ్యమే. కాని వానిలో ఇంటిభాష చెవికి మాత్రమే మిగిలి కంటికి దూరమగు ప్రమాదము కలదు. "మావాడు తెలుగు చక్కగా మాట్లాడును గాని చదువలేడు" అను మాట ఏ తల్లియు అనవలసిన పని లేకుండవలెను. అందుకు పాఠ్యపుస్తక మొక్కటే చాలదు. పోవుచు వచ్చుచు కంటబడుచోట అక్షరము నిలువవలెను.

చదరంగమును చిత్రమును

చదరంగము భరతఖండమున పుట్టిన ఆట. ఏనుగులు, గుఱ్ఱములు, రథములు, కాల్బలము అను నాలుగు అంగములు గల సేనకు చతురంగ మని పేరు. ఆ మాటయే పారసీకమున చత్రంగ్ అయి, అరబ్బీలో షత్రంజ్ అయినది. మనవారు ఆటకాయలను రాజు, మంత్రి, ఏనుగు, శకటు, గుఱ్ఱము, బంటు అని పిలుతురు. శకట మనగా బండి. హిందీవారు ఒంటె యనియు, ఆంగ్లేయులు మతాచార్యుడనియు పిలుచు కాయకు మన పెద్దలు పెట్టిన ఈ పేరు పూర్వపు రథమును తలపించుచున్నది. ఒక్క మాట పోయినచో దానితో ఇంత జ్ఞాపకము పోవును.

విజయనగరమున కృష్ణదేవరాయల కాలములో బొడ్డుచర్ల తిమ్మన చదరంగమున మేటి యని చాటుపద్యములు చెప్పుచున్నవి. మన కాలమున, చెన్నైలో తెలుగువారింట 2006లో పుట్టిన దొమ్మరాజు గుకేశ్ 2024 డిసెంబరు 12న సింగపూరులో ప్రపంచ విజేత యయ్యెను. అప్పటికి అతని వయస్సు 18 ఏండ్లు. అంతకు రెండేండ్ల ముందు, 2022 జులై 28 మొదలు ఆగస్టు 10 వరకు మామల్లపురమున 44వ చదరంగ ఒలింపియాడు జరిగినది. అప్పుడు చెన్నైలోని నేపియర్ వంతెనకు నిలువునా నలుపు తెలుపు గళ్ళు చిత్రించిరి. ఒక్క వంతెన నగరమునకంతయు ఆటను జ్ఞాపకము చేసెను. వంతెన చేసిన పనిని మన తరగతి గోడయు చేయగలదు.

గుఱ్ఱము నడకలోని కవిత్వము

గుఱ్ఱము రెండు గళ్ళు తిన్నగా పోయి, ఒక గడి ప్రక్కకు తిరుగును. ఈ వంకర నడకతో, ఏ గడిని రెండవసారి త్రొక్కక పలక యంతయు తిరిగిరావచ్చునా? ఐరోపా గణితవేత్త ఆయిలర్ ఈ సమస్యను 1759లో పరిశీలించెను. అంతకు ఎన్నో వందల యేండ్ల పూర్వమే, 9వ శతాబ్దికి చెందిన రుద్రటుడు తన కావ్యాలంకారమున దీనిని తురగపద మను చిత్రకవితగా చూపెను. కాంచీపురపు చేరువ తూప్పుల్ అను చోట పుట్టిన వేదాంత దేశికులు కూడ పాదుకాసహస్రమున ఈ కూర్పు చేసిరి. ఎనిమిదేసి అక్షరముల నాలుగు పాదములు, అనగా 32 అక్షరములు, సగము చదరంగమునకు సరిగా సరిపోవును. వరుసగా చదివిన ఒక శ్లోకము, గుఱ్ఱము నడకను చదివిన మరియొక శ్లోకము!

మనమంత కష్టము పడనక్కరలేదు. ఒక్క తెలుగు వాక్యమును గుఱ్ఱము నడకలో దాచిన చాలును.

కావలసిన వస్తువులు

54 సెంటీమీటర్ల పొడవు, 30 సెంటీమీటర్ల వెడల్పు గల చెక్కపలక, తెల్లని డ్రాయింగు కాగితము, మైదాపిండితో కాచిన జిగురు, ఇటుకరంగు, నల్లరంగు, 32 సన్నమేకులు, ఎఱ్ఱని దారము 5 మీటర్లు, కొలబద్ద, పెన్సిలు, కుంచె.

చేయు విధము

పలకపై కాగితమును ముడుతలు లేకుండ అంటించి ఆరనీయవలెను. నాలుగు ప్రక్కల 3 సెంటీమీటర్ల అంచు విడిచి, మిగిలిన చోటును 6 సెంటీమీటర్ల గళ్ళుగా గీయవలెను. అడ్డముగా 8, నిలువుగా 4, మొత్తము 32 గళ్ళు వచ్చును. మొదటి గడిని తెలుపుగా విడిచి, గడి విడిచి గడికి ఇటుకరంగును పలుచగా పూయవలెను. రంగు చిక్కనైనచో దానిపై అక్షరము కనబడదు. పై అంచున ఆరు కాయల పేర్లను వ్రాయవలెను.

పిమ్మట గడుల సంఖ్యలను పెన్సిలుతో సన్నగా గుర్తింపవలెను:

1 – 30 – 9 – 20 – 3 – 24 – 11 – 26
16 – 19 – 2 – 29 – 10 – 27 – 4 – 23
31 – 8 – 17 – 14 – 21 – 6 – 25 – 12
18 – 15 – 32 – 7 – 28 – 13 – 22 – 5

ఒకటవ గడినుండి రెండవదానికి, రెండవదానినుండి మూడవదానికి గుఱ్ఱమువలె దూకుచు పోయి సరిచూచుకొనుడు. గుఱ్ఱము ప్రతి దూకున రంగు మార్చును. కావున బేసి సంఖ్యలన్నియు తెల్ల గళ్ళలోను, సరి సంఖ్యలన్నియు ఇటుక గళ్ళలోను పడవలెను. అట్లు పడనిచో ఎచ్చటనో తప్పు దొరలినదని తెలిసికొనవలెను.

ఇక ఆ సంఖ్యల స్థానమున ఈ అక్షరములను నల్లరంగుతో వ్రాయవలెను:

మ – చి – చే – సి – యిం – ఎ – తో – డు
గో – వ్రా – న – ఱ – తి – ను – టి – చో
పో – న – డ – బ – కొ – ట – న్న – మ
పై – డి – ము – మ – మ – న – న్న – మా

ప్రతి గడి నడుమ మేకు ఉండును గనుక అక్షరమును దాని దిగువ వ్రాయవలెను. 'న్న', 'వ్రా' వంటివానికి వత్తు పట్టునంత చోటు విడువవలెను. అక్షరములు ఆరిన పిదప మేకులను పెద్దల సహాయముతో సగము వరకు దిగగొట్టవలెను. దారపు కొనను మొదటి మేకునకు కట్టి, మిగిలినదానిని వ్రేలాడనీయవలెను. చిన్న తరగతులవారికి చేయి అందునంత ఎత్తున పటమును తగిలింపవలెను.

వరుసగా చదివినవానికి ఇందు అర్థమే లేదు. గుఱ్ఱము నడక నెఱిగి, అక్షరము వెంట అక్షరమును పలుకుచు దారమును మేకునుండి మేకునకు చుట్టినవానికి వాక్యము దొరకును. దారముతో ఒక అందమైన అల్లిక కూడ వెలయును. చదువు తప్పినచో అల్లిక తప్పును. ఒకరు చదివిన పిమ్మట దారమును విప్పి, మరియొకరికి విడువవలెను.

లెక్కయు లిపియు

దారమెంత పట్టును? గుఱ్ఱము ఒక ప్రక్కకు 12, మరియొక ప్రక్కకు 6 సెంటీమీటర్లు కదలును. పైథాగరస్ సిద్ధాంతము ననుసరించి 144ను 36ను కూడగా 180. దాని వర్గమూలము సుమారు 13.4. ఇట్టి దూకులు 31 గనుక మొత్తము సుమారు 4 మీటర్ల 16 సెంటీమీటర్లు. మేకుల చుట్టు తిరుగుటకు మిగిలినది సరిపోవును.

అక్షరములను లెక్కించుటయు ఒక పాఠమే. తమిళమున 'అమ్మా' అను మాటకు మూడక్షరములు. నడుమనున్న పొల్లు వేరక్షరముగా నిలుచును. తెలుగున 'అమ్మ' రెండే యక్షరములు. పొల్లు తన తరువాతి అక్షరముతో కలిసిపోవును. సున్నయు తన ముందరి అక్షరముతోనే చేరును. అందుచే 'యిం' ఒక్క గడిలోనే ఉన్నది. ఇక బండి 'ఱ' ను చూడుడు. నేటి తెలుగు వ్రాతలో అది అరుదైనది. తమిళమున దాని తోబుట్టువు నేటికిని నిత్యము వాడుకలో నున్నది. రెండు భాషలు చదువు మన బిడ్డలకే ఈ చుట్టరికము సులభముగా కనబడును.

తల్లిదండ్రులకు మనవి

ఇది చదువు మాని చేయు పని కాదు. చేతితో చేయు చదువు. మీకు తెలుగు చదువ వచ్చినచో ఒక సాయంకాలము బిడ్డ ప్రక్కన నిలిచి దారము చుట్టుడు. రానిచో బిడ్డనే గురువుగా నెంచి అతనిచేత చదివించుకొనుడు. తాను నేర్చినది ఇంటివారికి అక్కరకు వచ్చినదని తెలిసిన బిడ్డ దానిని తేలికగా విడువడు. పొరుగు భాషలవారి పిల్లలు వచ్చినచో వారిని కూడ పిలువుడు. గుఱ్ఱము నడక అందరికి ఒక్కటే. అక్షరములు మాత్రము మనవి.

అభ్యాసములు

1. దాచిన వాక్యమును గుఱ్ఱము నడకతో చదివి మీ పుస్తకమున వ్రాయుడు.

2. 32వ గడినుండి గుఱ్ఱము క్రింది వరుసకు దిగగలదు. ఇట్టి పలకనే మరియొకదానిని అంచు లేకుండ దిగువ చేర్చినచో, దాని మొదటి గడికి దూకవచ్చునని చూపుడు. అప్పుడు 64 గళ్ళ పూర్తి చదరంగమేర్పడును.

3. ఆ రెండవ పలకకు సరిపడునట్లు 32 అక్షరముల తెలుగు వాక్యమును మీరే కూర్చుడు. అది మీ అవ్వ తాతల నోట తరచు వినబడు మాటలతో కూర్చినదైన మరియు మేలు.