బడి వేళకే కడుపునొప్పి

ప్రశ్న: మా బాబుకు తొమ్మిదేళ్లు. నెలరోజులుగా బడికి బయల్దేరే వేళకే కడుపునొప్పి అంటున్నాడు. డాక్టరు ఏ జబ్బూ లేదన్నారు. నాటకమాడుతున్నాడా?
– ఒక తల్లి, కరీంనగర్

జవాబు: నాటకం కాదమ్మా. పిల్లల్లో దిగులు చాలాసార్లు కడుపునొప్పిగానే బయటపడుతుంది. ఆ నొప్పి నిజమే. ఎదురుగా కూర్చోబెట్టి నిలదీస్తే నోరు విప్పడు. సాయంత్రం చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ వాడికీ ఓ గుప్పెడు ఇవ్వండి. చేతులకు పనుంటే మాటలు మెల్లగా వస్తాయి. మధ్యలో సలహాలొద్దు, "భయమేసిందా నాన్నా" అంటే చాలు. బడి మాత్రం మాన్పించకండి, మానేకొద్దీ భయం పెరుగుతుంది. అక్కడెవరైనా కొడుతున్నారేమో, ఏడిపిస్తున్నారేమో ఈ వారమే టీచరును అడగండి. నిద్ర, తిండి తగ్గినా, రెండు వారాల్లో మార్పు లేకపోయినా పిల్లల మానసిక వైద్యులను కలవండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానస్ 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.