అంకె హద్దులోనే ఉంది, అయినా...

జిల్లా కేంద్రంలో ల్యాబ్ టెక్నీషియన్‌గా చేసి రిటైరయ్యాను. ఇప్పటికీ రిపోర్టులు పట్టుకుని ఇంటికొచ్చేవాళ్ళు ఉన్నారు. హెపటైటిస్ సి సంగతి ఎత్తితే వాళ్ళకి చెప్పేవి ఇవీ.

1. రిపోర్టు చేతికి రాగానే జనం లావుగా అచ్చయిన అంకెల కోసం వెతుకుతారు. లేకపోతే మడిచి జేబులో పెట్టేస్తారు. మా వీధి కుర్రాడొకడు శిబిరంలో రక్తమిస్తే, బ్లడ్‌బ్యాంకు వాళ్ళు పిలిచి హెపటైటిస్ సి రియాక్టివ్ అన్నారు. వాడు నేరుగా వెళ్ళి లివర్ టెస్టు చేయించుకొచ్చాడు. ఎస్‌జీపీటీ 28. "అన్నీ నార్మలే కదా బాబాయ్, వాళ్ళే పొరబడ్డారేమో!" అన్నాడు. ఎస్‌జీపీటీ లివర్ కణాల్లో ఉండే ఎంజైము. కణం దెబ్బతింటే రక్తంలోకి వస్తుంది. ఇప్పుడు ఎంత వస్తోందో అది చెబుతుంది గానీ, వైరస్ ఊసు దానికి పట్టదు. ఏళ్ళ తరబడి ఈ వైరస్ ఉన్నవాళ్ళలో నూటికి పాతిక ముప్ఫై మందికి ఆ అంకె హద్దు దాటదు.

2. అసలు ఆ హద్దే ఉదారం. చాలా ల్యాబులు 40 దాకా నార్మల్ అనే వేస్తాయి. 2002లో ఇటలీ పరిశోధకులు రక్తదాతల లెక్కలు తీసి, మగవాళ్ళకి 30, ఆడవాళ్ళకి 19 చాలన్నారు. ఇంట్లో ఆడమనిషికి 34 వస్తే కాగితం మీద ఏ గుర్తూ పడదు. ఎవరూ పట్టించుకోరు కూడా.

3. అంకె ఒకచోట నిలవదు. ఇవాళ 30 ఉన్నది కొన్ని నెలలకి 70 కావచ్చు, మళ్ళీ దిగనూవచ్చు.

4. యాంటీబాడీ రియాక్టివ్ అంటే వైరస్ ఎప్పుడో ఒంట్లోకి వచ్చిందని. కొందరికి దానంతటదే పోతుంది. అరుదుగా టెస్టే తప్పవుతుంది. తేల్చేది ఆర్‌ఎన్‌ఏ పరీక్ష, మనవాళ్ళు వైరల్ లోడ్ అంటారే, అది. కుర్రాడికి లక్షల్లో వచ్చింది.

5. ఎస్‌జీపీటీ నార్మలే అయినా పాత సంగతులు తవ్వాలి. 2002కి ముందు ఆపరేషనప్పుడు రక్తం ఎక్కించారా? ఆర్ఎంపీ దగ్గర ఉడకబెట్టిన గాజు సిరంజితో సూదులు వేయించుకున్నారా? ఇక డయాలసిస్ మీద ఉన్నవాళ్ళకి ఎస్‌జీపీటీ మామూలుగానే తక్కువ పలుకుతుంది. వాళ్ళకి ఆ అంకె చూసి ధైర్యం చెప్పకండి.

6. లివర్ గట్టిపడటం వేరే లెక్క. సిరోసిస్ వచ్చినవాళ్ళకీ ఎస్‌జీపీటీ 25 ఉండొచ్చు. నేనైతే ముందు ప్లేట్‌లెట్లు చూస్తాను. అవి తగ్గుతుంటే డాక్టరుతో, లివర్ ఎంత గట్టిపడిందో కొలిచే ఫైబ్రోస్కాన్ మాట ఎత్తమంటాను.

7. ఇంటర్‌ఫెరాన్ ఇంజెక్షన్ల రోజుల్లో నార్మల్ ఎంజైములవాళ్ళకి వైద్యం వద్దనేవారు. 1997లో అమెరికా నిపుణుల సలహా కూడా అదే. ఆ జ్వరాలు, నీరసం తలుచుకుంటే వాళ్ళని తప్పుపట్టలేం. ఇప్పుడు సోఫోస్‌బువిర్, డక్లాటస్‌విర్ మాత్రలు, చాలామందికి పన్నెండు వారాలు. 2018లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితం. నూటికి తొంభై అయిదు మందికి నయమవుతుంది. ఎస్‌జీపీటీ నార్మలని ఈ మందు వాయిదా వేయడానికి నాకైతే కారణం కనబడదు. మొదలుపెట్టేముందు హెపటైటిస్ బి పరీక్ష మాత్రం తప్పదు. బి కూడా ఉంటే అది విజృంభించవచ్చు.

8. కలిసి తింటే అంటదు. రేజరు, గోళ్ళ కత్తెర మాత్రం వేరు పెట్టుకోవాలి.

9. మాత్రలయ్యాక పన్నెండు వారాలకి మళ్ళీ ఆర్‌ఎన్‌ఏ చేయించాలి. వైరస్ లేదని వచ్చిన ఆ కాగితాన్ని లామినేషన్ చేయించమన్నాను కుర్రాణ్ణి. యాంటీబాడీ పోదు కనుక, రేపు ఏ ఉద్యోగం మెడికల్‌కి వెళ్ళినా రియాక్టివ్ అనే వస్తుంది.