ఆలస్యంగా తింటే ఆకలి పెరుగుతుందా?

సందేహం: డాక్టర్ గారూ, మాది శ్రీకాకుళం జిల్లా. పెళ్లయ్యాక అండమాన్‌లోని మిడిల్ పాయింట్ వచ్చాను. మావారు అబెర్డీన్ బజార్‌లో కొట్టు కట్టేసి ఇంటికొచ్చేసరికి రాత్రి పదవుతుంది. నేనూ ఆగి ఆయనతోనే తింటాను. మధ్యాహ్నం కతికానంటే కతికాననిపిస్తా. అయినా ఒళ్లొస్తోంది. మర్నాడంతా ఏదో ఒకటి తినాలనిపిస్తోంది. వేళకూ దీనికీ సంబంధం ఉందా?
– ఒక గృహిణి, మిడిల్ పాయింట్

సమాధానం: ఉందమ్మా. అమెరికాలో బోస్టన్ పరిశోధకులు 2022లో అధిక బరువున్న 16 మందికి ఒకే రకం భోజనాన్ని ఒక విడత పెందలాడే, ఇంకో విడత నాలుగు గంటలు ఆలస్యంగా పెట్టి చూశారు. ఆలస్యమైనప్పుడు ఆకలి పెరిగింది. కడుపు నిండిందని మెదడుకు చెప్పే లెప్టిన్ హార్మోన్ తగ్గింది. ఒంట్లో శక్తి ఖర్చూ కొంత తగ్గింది.

మీ దగ్గర ఇంకో సంగతి కూడా ఉంది. గడియారం దేశమంతటికీ ఒకటే అయినా, శ్రీకాకుళం కంటే మీకు సూర్యుడు అరగంటకు పైగా ముందుంటాడు. డిసెంబరులో సాయంత్రం అయిదుకే పొద్దుగుంకుతుంది. శరీరం తన వేళలను వెలుతురును బట్టి దిద్దుకుంటుంది. చీకటి పడి, నిద్రవేళను తెలిపే మెలటోనిన్ హార్మోన్ పెరిగాక ఇన్సులిన్ సరిగ్గా ఊరదు. అందుకే పగలు తిన్న అన్నమే రాత్రి తింటే రక్తంలో చక్కెర ఎక్కువ పెరుగుతుంది.

మధ్యాహ్నం పప్పు, కూర, చేపల పులుసుతో కడుపునిండా తినండి. రాత్రి ఏడింటికల్లా తేలిగ్గా ముగించండి. ఆయన వచ్చాక పక్కన కూర్చుని వడ్డించండి, మీరు మళ్లీ కంచం పెట్టుకోవద్దు. వీలైతే ఆయనకూ ఏడింటికి కొట్టుకే రొట్టె, కూర క్యారియర్‌లో పంపండి.

సందేహం: రాత్రి భోజనం పూర్తిగా మానేస్తే త్వరగా బరువు తగ్గుతానా? షుగర్‌కు మాత్రలు వాడుతున్నాను.
– ఒక రిటైర్డ్ ఉద్యోగి, పోర్ట్ బ్లెయిర్

సమాధానం: వేళ మార్చినంత మాత్రాన బరువు తగ్గదండీ, తిండి కూడా తగ్గాలి. చైనాలోని గ్వాంగ్‌ఝౌలో 139 మందికి ఏడాదిపాటు మితంగా తిండి పెట్టారు. అందులో ఒక జట్టు ఉదయం 8 నుంచి సాయంత్రం 4 లోపే తినేది. ఆ జట్టు సగటున 8 కిలోలు, రెండోది 6.3 కిలోలు తగ్గాయి. లెక్కల ప్రకారం అది చెప్పుకోదగ్గ తేడా కాదని తేలింది. స్కాట్లండ్‌లోని అబెర్డీన్ విశ్వవిద్యాలయం పరిశోధనలో పొద్దున ఎక్కువ తిన్నా, రాత్రి ఎక్కువ తిన్నా బరువు ఒకేలా తగ్గింది. పొద్దున ఎక్కువ తిన్నప్పుడు మాత్రం ఆకలి తక్కువగా ఉంది. ఆకలి అదుపులో ఉంటేనే కదా మితంగా తినడం నెలల తరబడి సాగేది! వేళ వల్ల మనకు దక్కే మేలు అదే.

మీరు మాత్రం సొంతంగా పూట మానకండి. గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలు గానీ ఇన్సులిన్ గానీ వాడేవారు భోజనం మానేస్తే చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. ముందు మీ డాక్టరుకు చెప్పి మందుల మోతాదు, వేళ సరిచేయించుకోండి. ఎప్పుడైనా చెమటలు పట్టి చేతులు వణికితే వెంటనే పంచదార నీళ్లు తాగండి, తర్వాత ఏమైనా తినండి. పావుగంటలో తేరుకోకపోతే ఆసుపత్రికి వెళ్లండి.