పాత పికప్ మిస్ కొడుతుంటే ముందే పంపు విప్పకండి

పాత డీజిల్ పికప్ మిస్ కొట్టడం మొదలవగానే షెడ్డులో చాలామంది అనే మాట, "పంపు పోయింది". వెంటనే ఒప్పుకోకండి. పంపు విప్పి కాలిబ్రేషన్‌కు పంపితే ఖర్చు ఒకటే కాదు, బండి నిలబడిపోతుంది. కిరాయిల మీద బతికేవాళ్లకు అసలు దెబ్బ అదే. పంపును అనుమానించే ముందు చూడాల్సినవి చాలా ఉన్నాయి, వాటిలో ఎక్కువ భాగం చేతికందేవే. నేను చెప్పేది మెకానికల్ పంపున్న నాలుగు సిలిండర్ల బండ్ల గురించి. మహీంద్రా పాత పికప్‌లలో కామన్ రైల్ రాకముందు వచ్చిన 2,523 సీసీ ఇంజన్ అలాంటిదే.

బానెట్ ఎత్తకముందే డ్రైవర్‌ను అడగండి, ఎప్పుడు మిస్ కొడుతోందని. పొద్దున్నే తెల్లపొగతో కొట్టుకుని, వేడెక్కాక సర్దుకుంటే నాజిల్ మీదో కంప్రెషన్ మీదో అనుమానం. లోడుతో ఎత్తు ఎక్కేటప్పుడే పీకుతుంటే డీజిల్ సరిగా అందడం లేదని. శబ్దం సమంగానే ఉండి క్యాబిన్ మాత్రం ఊగిపోతుంటే ఇంజన్ మౌంటింగ్ రబ్బర్లు చూడండి, అది మిస్సింగే కాదు.

తర్వాత డీజిల్ లైను. ఫిల్టర్ అడుగు నుంచి కాస్త డీజిల్‌ను గాజు సీసాలోకి దించి కాసేపు ఉంచండి. నీళ్లుంటే కిందకు చేరి తెలిసిపోతాయి. గాలి సంగతి అంత తేలిక కాదు. ట్యాంకుకూ ఫీడ్ పంపుకూ మధ్య పైపులో పగులుంటే ఇంజన్ నడుస్తున్నప్పుడు డీజిల్ బయటికి కారదు, గాలే లోపలికి పోతుంది. తడి కనపడదు కాబట్టి లైను బాగుందనుకుని వదిలేస్తారు. ఆ చోట కొద్దిసేపు డీజిల్‌కు తట్టుకునే పారదర్శకమైన పైపు ముక్క తగిలించి ఇంజన్ నడపండి. బుడగలు కనిపిస్తే గాలి అక్కడికి ముందే పడుతోంది. పైపు, క్లిప్పులు, వాషర్లు మార్చి, ఫిల్టర్ మీది స్క్రూ వదులు చేసి, నురగ పోయి ఒట్టి డీజిల్ వచ్చేదాకా ప్రైమర్ కొట్టండి.

అయినా మిస్ పోకపోతే ఏ సిలిండరో పట్టుకోవాలి. ఐడ్లింగ్‌లో ఒక్కో నాజిల్ పైపు నట్టును కొద్దిగా వదులు చేసి చెవి పెట్టండి. ఇంజన్ స్వరం తగ్గి ఇంకా కొట్టుకుంటే ఆ సిలిండర్ పని చేస్తున్నట్టే. ఏ తేడా లేకపోతే దొంగ అక్కడే ఉన్నాడు. నట్టు దగ్గర గుడ్డ అడ్డం పెట్టండి, కళ్లద్దాలు తప్పనిసరి. చిమ్మే డీజిల్ చర్మంలోకి దూరితే చేతికే ప్రమాదం. చిన్న గాయంలా కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. కామన్ రైల్ బండి మీద మాత్రం ఈ పరీక్ష ఎప్పుడూ చేయొద్దు. ఆ లైన్లలో ఒత్తిడి 1,000 బార్ దాటుతుంది. దానికి స్కానరే దారి.

సిలిండర్ దొరికాక, దాని నాజిల్‌ను పక్క సిలిండర్‌కూ, పక్క సిలిండర్ నాజిల్‌ను దీనికీ మార్చి బిగించండి. కింద కొత్త రాగి వాషర్లు వేయడం మరవొద్దు. మిస్ పక్క సిలిండర్‌కు వెళ్లిందంటే తప్పు నాజిల్‌దే. నాకు ఈ పద్ధతి మీద ఉన్నంత నమ్మకం ఇంకే ఊహ మీదా లేదు. మిస్ అక్కడే ఉండిపోతే టాపెట్ గ్యాపులు, కంప్రెషన్ చూడాలి. చల్లటి ఇంజన్‌లో రేడియేటర్ మూత తీసి స్టార్ట్ చేస్తే బుడగలు ఆగకుండా వస్తున్నాయా, అయితే హెడ్ గ్యాస్కెట్. ఆయిల్ పోసే మూత దగ్గర పొగ ఊపుగా కొడుతోందా, అయితే పిస్టన్ రింగులు.

ఇవన్నీ బాగుండి, ఆ ఒక్క సిలిండరే చచ్చి ఉంటే, అప్పుడు పంపు విప్పండి. విప్పేముందు టైమింగ్ గుర్తులు పెట్టుకోండి. పంపుతో పాటు ఒక చీటీ కూడా పంపండి, ఏ సిలిండర్ మిస్ అయిందో, మీరు ఏమేం మార్చి చూశారో రాసి.