పారిశ్రామికవాడల చెంత భూగర్భజల నమూనాల సేకరణ

పటాన్‌చెరు, బొల్లారం ప్రాంతాల పారిశ్రామిక వ్యర్థజలాల వల్ల కలిగిన కాలుష్యంపై 1990లోనే సుప్రీంకోర్టులో వ్యాజ్యం దాఖలైంది. ఆ వాడల దిగువన నక్కవాగు వెంట సేద్యం చేసే రైతుకు విస్తరణ శాస్త్రవేత్త చెప్పవలసిన సమాధానం మాత్రం చిన్నది: ఈ బోరు నీరు పైరుకు పెట్టవచ్చునా, కూడదా? అది ప్రయోగశాల నివేదికపై ఆధారపడుతుంది. నివేదిక తెలిపేది సీసాలోని నీటి గుణం. ఆ నీరు భూగర్భజలానికి నిజమైన ప్రతినిధి కాకపోతే ఎంత ఖరీదైన పరికరమైనా ఆ లోపాన్ని సరిదిద్దలేదు. కలుషితమైన బావికి శుభ్రమైనదన్న నివేదిక రావడం, అసలు పరీక్షే జరగకపోవడం కంటే ప్రమాదకరం.

తెలంగాణలోని గ్రానైటు నేలల్లో పైన శిథిల శిలల పొర, దాని దిగువన పగుళ్ల శిల ఉంటాయి. ఊటబావి సాధారణంగా మొదటి పొర నీటిని, లోతైన బోరుబావి పగుళ్ల నీటిని ఇస్తాయి. ఈ రెండింటి ఫలితాలను ఒకే పట్టికలో కలిపివేస్తే కాలుష్యం ఏ లోతుకు చేరిందో తెలియదు. కనీసం మూడు బావులలో నిశ్చల నీటిమట్టాన్ని కొలిచి, సముద్రమట్టం నుండి ఎత్తుగా మార్చి, ప్రవాహ దిశను అంచనా వేయాలి. పగుళ్లు ఆ దిశను మళ్లించవచ్చు గనుక ఈ అంచనా తొలి మెట్టు మాత్రమే. కర్మాగారానికి ఎగువన ఉన్న బావి నుండి ఒక నమూనా తప్పనిసరి. ఫ్లోరైడు గ్రానైటు శిలల నుండి సహజంగానే నీటిలో చేరుతుంది. ఎగువ బావితో పోల్చనిదే దానిని కర్మాగారానికి అంటగట్టడం సాధ్యం కాదు.

కొంతకాలంగా వాడని బోరులో నిలిచిన నీరు గాలితోను, కేసింగ్ గొట్టంతోను చర్య జరిపి గుణం మారి ఉంటుంది. అందువల్ల బోరులోని నీటి పరిమాణానికి మూడింతలు తోడివేయడం ఆనవాయితీ. 165 మి.మీ. వ్యాసం గల బోరులో మీటరు లోతుకు సుమారు 21.4 లీటర్ల నీరు ఉంటుంది. నీటి స్తంభం 40 మీటర్లయితే 856 లీటర్లు. మూడింతలంటే దాదాపు 2,570 లీటర్లు. సెకనుకు 2 లీటర్లు పోసే మోటారుకు ఇది సుమారు 21 నిమిషాల పని. గడియారం కన్నా నీరే మంచి సాక్షి: మూడు నాలుగు నిమిషాలకొకసారి తీసిన మూడు వరుస కొలతల్లో ఉదజని సూచిక 0.1కి, విద్యుత్ వాహకత 3 శాతానికి మించి మారకుంటే నమూనా తీయవచ్చు. తోడిన నీటిని బావి మొదట్లోనే వదలరాదు.

నమూనాను తొట్టి నుండి కాక, బోరుకు అతి దగ్గరి వాల్వు వద్ద పట్టాలి. జీఐ పైపు ఉంటే నమోదు చేయాలి. దాని పూత నుండి జింకు నీటిలోకి దిగుతుంది. ఆవిరయ్యే సేంద్రియ ద్రావకాల కొరకు 40 మి.లీ. గాజు సీసాలను సన్నని ధారతో, బుడగ మిగలకుండా, అన్నిటికన్నా ముందు నింపాలి. కరిగిన లోహాల కొరకు నీటిని అక్కడే 0.45 మైక్రాన్ల వడపోత కాగితం గుండా పంపి, ఆ తరువాతే నైట్రిక్ ఆమ్లంతో ఉదజని సూచికను 2 కంటే తగ్గించాలి. ఈ క్రమం తారుమారైతే మట్టి రేణువుల్లోని లోహం కూడా కరిగి లెక్కలో చేరుతుంది. వడపోత ఆలస్యమైతే గాలి తగిలి ఇనుము అవక్షేపమై, ఆర్సెనిక్‌ను తనతో పట్టుకుపోతుంది. నివేదికలో ఆర్సెనిక్ తక్కువగా కనబడుతుంది. విద్యార్థులు తరచుగా పొరబడేది ఇక్కడే. సీసాలను మంచుపెట్టెలో 4 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంచి తరలించాలి. శుభ్రమైన బావి నుండి కలుషిత బావికి వెళ్లాలే గాని తిరుగుదారి పట్టరాదు. ప్రతి విడతలోను క్షేత్రంలో నింపిన శుద్ధజలపు సీసా ఒకటి, జంట నమూనా ఒకటి ఉండాలి.

వెదకని పదార్థం నివేదికలో కనబడదు. పటాన్‌చెరు సమీపంలోని శుద్ధి కేంద్రం విడిచే నీటిలో లీటరుకు 31 మి.గ్రా. వరకు సిప్రోఫ్లాక్సాసిన్ ఉన్నట్లు స్వీడన్ శాస్త్రవేత్తలు 2007లో ప్రకటించారు. 2009లో పరిసర గ్రామాల బావుల్లోనూ ఔషధాల జాడలను చూపారు. లవణీయత, సోడియం నిష్పత్తి, నైట్రేటు మాత్రమే కొలిచే మామూలు సాగునీటి పరీక్షలో వీటి ఊసే ఉండదు. కనుక చుట్టుపక్కల ఏ పరిశ్రమలున్నాయో ముందే తెలుసుకుని పరీక్షాంశాలను నిర్ణయించాలి.

సాగునీటిలో ఆర్సెనిక్‌కు ఎఫ్‌ఏఓ సూచించిన పరిమితి లీటరుకు 0.1 మి.గ్రా.; తాగునీటికి ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించినది 0.01 మి.గ్రా. పొలంలో కూలీలు దాహం తీర్చుకునేది కూడా ఆ బోరు పైపు దగ్గరే కనుక, నివేదికను రైతుకు వివరించేటప్పుడు రెండు పరిమితులతోను పోల్చి చూపాలి.