షీటు కత్తిరించే ముందు

పలాస, కాశీబుగ్గ వైపు మందుల షాపు నడిపిన వాడిని. ఇప్పుడు కౌంటరు తర్వాతి తరానికి వదిలేశాను. డీఫార్మ్, బీఫార్మ్ పాసై కొత్తగా షాపు పెడుతున్న పిల్లలు వచ్చి జాగ్రత్తలు చెప్పమంటుంటారు. స్టాకు, అప్పు, గడువు దాటిన సరుకు వాపసు లాంటివి డిస్ట్రిబ్యూటర్లే నేర్పుతారు. నేను చెప్పేవి వాళ్ళు చెప్పనివి.

1. ముందు "ఎవరికి?" అని అడగండి

"ఒళ్ళు నొప్పులకి రెండు బిళ్ళలియ్యి బాబూ" అనగానే చెయ్యి అలవాటుగా అరలోకి పోతుంది. కాస్త ఆపండి. అడిగిన మనిషి వేసుకునే మనిషి కాకపోవచ్చు. మాది ఉద్దానం. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు... కొబ్బరి తోటలు, జీడి తోటలు, వాటి మధ్య కిడ్నీ జబ్బుతో కుదేలైన పల్లెలు. కారణం నీళ్ళా, మట్టా, ఎండా అని ఏళ్ళ తరబడి పరిశోధిస్తూనే ఉన్నారు, ఫలానా అని తేల్లేదు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి మొదలయ్యాయి. కారణం తేలేదాకా మనం చేతులు కట్టుకు కూర్చోనక్కర్లేదు. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ లాంటి నొప్పి బిళ్ళలు కిడ్నీకి వెళ్ళే రక్తాన్ని తగ్గిస్తాయి. అప్పటికే దెబ్బతిన్న కిడ్నీకి అవి మరింత చేటు, అందులో సందేహం లేదు. బీపీకి టెల్మిసార్టన్, కాళ్ళవాపుకి నీరు లాగే బిళ్ళ వాడుతున్న మనిషి ఎండలో చెమటోడ్చి వచ్చి ఈ బిళ్ళ కూడా వేసుకుంటే మూడూ కలిసి కిడ్నీ మీద పడతాయి.

అలాగని "ఇవ్వను, పో" అంటే పక్క షాపుకి పోతారు. జీడి ఫ్యాక్టరీలో పొద్దస్తమానం కూర్చుని గింజ కొట్టే ఆడవాళ్ళ నడుం నొప్పి అబద్ధం కాదు. బిళ్ళ పడకపోతే మర్నాటి కూలి పోతుంది. బీపీ, షుగరు ఉన్నాయా? ఈ బిళ్ళ రోజూ వేస్తున్నావా? క్రియాటినిన్ ఎప్పుడైనా చూపించావా? ఈ మూడే అడిగేవాణ్ణి. క్రియాటినిన్ అన్న మాట మా వైపు అక్షరం ముక్క రాని ముసలమ్మలకీ తెలుసు, మా ఖర్మ కొద్దీ. అనుమానం తగిలితే పారాసిటమాల్ ఇచ్చి, రక్తపరీక్షకి సర్కారీ ఆసుపత్రికి పంపేవాణ్ణి. కొందరు వెళ్ళేవారు, కొందరు వెళ్ళేవారు కాదు. వెళ్ళనివాళ్ళని మళ్ళీ వచ్చినప్పుడు మళ్ళీ అడగడమే.

2. రెండు వారాలు దాటిన దగ్గుకి సిరప్పు అమ్మొద్దు

"ఎన్నాళ్ళ నుంచి?" అనండి. రెండు వారాలు దాటి, సాయంత్రం పూట జ్వరం, ఒళ్ళు తగ్గడం కూడా ఉంటే అది టీబీ కావచ్చు, ఆ మనిషికి కావాల్సింది కళ్ళె పరీక్ష. అది సర్కారు దగ్గర ఉచితం, మందులూ ఉచితం. 2024 నవంబరు నుంచి పోషణకి నెలకి వెయ్యి రూపాయలు కూడా ఇస్తున్నారు. ఈ మాట డాక్టరు కంటే ముందు చెప్పే అవకాశం మనదే. దగ్గు వస్తే మన జనం మొదట వచ్చేది షాపుకే కదా.

టీబీ మందులు షెడ్యూల్ హెచ్-1లో ఉన్నాయి. 2014 మార్చి నుంచి వాటికి వేరే రిజిస్టరు పెట్టి డాక్టరు పేరు, రోగి పేరు, మందు, ఎన్ని ఇచ్చామో రాసి మూడేళ్ళు దాచాలి. 2018 గెజెట్ ప్రకారం టీబీ మందు అమ్మిన షాపూ రోగి వివరాలు సర్కారుకి తెలపాలి. చాలామంది ఆ పుస్తకాన్ని ఇన్‌స్పెక్టరు వచ్చే ముందు కూర్చుని నింపుతారు. రోజుకారోజు రాస్తే, పోయిన నెల మందు కొన్నవాడు ఈ నెల రాలేదన్న సంగతి అందులోనే కనబడుతుంది. ఆరు నెలల కోర్సుని రెండో నెలలో ఆపేసినవాడి జబ్బు ఇంటిల్లిపాదికీ అంటుకోవచ్చు, అదీ మందుకి లొంగని రకమై.

చంటిపిల్లల దగ్గు సిరప్పు గురించి ఒక మాట. 2025లో మధ్యప్రదేశ్ ఛింద్వారా వైపు సిరప్పులో డైఇథిలీన్ గ్లైకాల్ కలిసి పసివాళ్ళు చనిపోయారు. సీసా చూసి ఆ విషం మనం కనిపెట్టలేం. బిల్లు మీద బ్యాచ్ నంబరు వేస్తే మాత్రం ఆ బ్యాచ్ ఏ ఇళ్ళకి వెళ్ళిందో గంటలో చెప్పగలం. బిల్లు రాయడానికి బద్ధకించే షాపుని నేను షాపనను.

3. యాంటీబయాటిక్ "రెండే ఇవ్వండి" అన్నవాళ్ళకి

డాక్టరు చీటీ లేకుండా ఒక్కటీ ఇవ్వొద్దు. చీటీ ఉంటే కోర్సంతా ఇవ్వండి. డబ్బు చాలకపోతే అప్పు రాసుకోండి. ఉపన్యాసం వద్దు, చీటీ లేకుండా వాడొద్దని షీటు మీద ఉండే ఎర్ర గీత చూపించండి చాలు.

4. సిరంజి మూత రంగు

ఇన్సులిన్ సీసాలు మన దేశంలో ఎక్కువగా 40 యూనిట్లవి. దానికి ఎర్ర మూత సిరంజి. 100 యూనిట్ల దానికి నారింజ రంగు మూత. సీసా ఒకచోట, సిరంజి ఇంకోచోట కొంటారు జనం. 40 సీసాలోంచి 100 సిరంజితో 20 గీత దాకా లాగితే ఒంట్లోకి వెళ్ళేది 8 యూనిట్లే. షుగరు తగ్గలేదని డాక్టరు డోసు పెంచుతాడు. తర్వాత ఎవరో సరైన సిరంజి ఇస్తారు, ఆ రాత్రి మనిషి పడిపోతాడు. తిరగేస్తే ఇంకా ఘోరం. 100 సీసాకి 40 సిరంజి వాడితే అదే 20 గీత దగ్గర 50 యూనిట్లు వెళ్తాయి. సిరంజి అడిగినవాళ్ళని ఖాళీ సీసా తెచ్చి చూపించమనండి. కోప్పడతారు. పడనివ్వండి.

5. ఓఆర్ఎస్ పొట్లం ఎన్ని నీళ్ళకి

పెద్ద పొట్లం లీటరు నీళ్ళకి. తల్లులు గ్లాసులో చిటికెడు చిటికెడు కలుపుతారు, ఒకసారి చిక్కగా, ఒకసారి పల్చగా. లీటరు సీసా చూపించి, మొత్తం ఒకేసారి కలపమని, మిగిలింది మర్నాడు పారబొయ్యమని చెప్పండి. తోడుగా జింకు ఇవ్వాలి, విరేచనాలు ఆగినా 14 రోజులదాకా. పంచదార నిండిన డబ్బా పానీయాలు ఓఆర్ఎస్ పేరుతో మన అరల్లోనే కూర్చునేవి. వాటి మీద హైదరాబాదు పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ళ తరబడి పోరాడితే, 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఆ పేరు వాడకూడదని ఆదేశించింది. ఆ పోరాటం మన వైపు నుంచి మొదలై ఉండాల్సింది. ఆ డబ్బాలని రోజూ చేత్తో అందించింది మనమే.

6. వారానికొక బిళ్ళ

మెథోట్రెక్సేట్ మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో తయారుచేసిన మందు. కీళ్ళవాతానికి దాన్ని వారానికి ఒక్కసారే వాడాలి. రోజూ వేసుకుంటే ఎముక మూలుగ దెబ్బతిని ప్రాణం మీదికొస్తుంది. "రోజుకొకటి" అన్న అలవాటు మన జనానికి నరనరాన ఉంది కాబట్టి కవరు మీద వారం పేరు రాయండి: "సోమవారం మాత్రమే". ఈ మందు వాడే మనిషి నోరు పూసిందని బీకాంప్లెక్స్ అడుగుతూ వస్తే బీకాంప్లెక్స్ ఇవ్వకండి, ఆటో ఎక్కించి డాక్టరు దగ్గరికి పంపండి.

7. గోడ మీది సర్టిఫికెట్

రిజిస్టరైన ఫార్మసిస్టే మందు ఇవ్వాలని 1948 నాటి ఫార్మసీ చట్టం చెబుతోంది. చాలా షాపుల్లో సర్టిఫికెట్ గోడకుంటుంది, దాని మనిషి ఇంకో ఊళ్ళో ఇంకో ఉద్యోగంలో ఉంటాడు. నెలనెలా అద్దె అందుతుంది. పైన చెప్పిన ఆరింటిలో ఒక్కటీ ఆ షాపులో జరగదు. అక్కడ నిలబడ్డ కుర్రాడికి రంగు, సైజు గుర్తు తప్ప మరేం తెలియదు. వాడి తప్పేం లేదు, నేర్పినవాడు లేడు.

గిట్టుబాటు మాటేమిటంటారు. న్యాయమే. ధరల నియంత్రణలో ఉన్న మందుల మీద మనకి లెక్కగట్టిన మార్జిన్ 16 శాతం. అది అమ్మిన సరుకు మీద. బిళ్ళ ఇవ్వకుండా పరీక్షకి పంపినందుకు పైసా రాదు. ఇంగ్లండులో 2024 జనవరి 31 నుంచి ఫార్మసీ ఫస్ట్ అని ఏడు మామూలు జబ్బులకి ఫార్మసిస్టు చూసి సలహా ఇస్తే, అవసరమైతే మందిస్తే, సర్కారే రుసుము చెల్లిస్తోంది. మందు ఇవ్వకుండా సలహా ఇచ్చి పంపినా ఆ రుసుము వస్తుంది. మన దగ్గర 2015 ఫార్మసీ ప్రాక్టీస్ నిబంధనలు రోగికి వివరించి చెప్పమన్నాయి, ఆ వివరించడానికి కూలి ఎంతో చెప్పలేదు. నేను వెళ్ళిన మందుల షాపుల సంఘం సమావేశాల్లో ఆన్‌లైన్ డిస్కౌంట్ల మీద గంటలకి గంటలు మాట్లాడుకున్నాం. ఈ రుసుము సంగతి ఒక్కసారీ ఎజెండాకెక్కలేదు.