ఆహార ఎడారులకు కిరాణా మందు

తాజా కూరగాయలు, పండ్లు అమ్మే పెద్ద దుకాణం దగ్గర్లో లేని పేదల వాడలను అమెరికాలో ‘ఆహార ఎడారులు’ అంటారు. పట్టణాల్లో ఒక మైలు, పల్లెల్లో 10 మైళ్లు దాటితే దుకాణం దూరమన్నట్టేనని అక్కడి వ్యవసాయ శాఖ లెక్క. వీధి మలుపులోని చిన్న కొట్లో చిప్స్, కూల్‌డ్రింకులు నిండుగా ఉంటాయి. టమాటా కోసం బస్సెక్కాలి.

2004లో పెన్సిల్వేనియా దీనికో దారి చూపింది. ఇలాంటి చోట్ల కొట్టు పెడతామంటే బ్యాంకులు వెనకాడతాయి కాబట్టి రాష్ట్రమే 3 కోట్ల డాలర్లు పెట్టి, గ్రాంట్లు, రుణాలతో 88 ప్రాజెక్టులకు ఊతమిచ్చింది. ఈ నమూనాకే 2014 ఫార్మ్ బిల్లు జాతీయ స్థాయిలో చట్టబద్ధత కల్పించింది.

అయితే ఫిలడెల్ఫియాలో జరిగిన ఓ అధ్యయనంలో, కొత్త దుకాణం వచ్చినా పండ్లు, కూరగాయల వాడకం చెప్పుకోదగ్గంతగా పెరగలేదు.